పెన్న లోయ వెంట: నంది కొండ నుంచి సిద్ధవటం దాకా

బెంగుళూరులో ఉండే తెలుగువాళ్ళకు నంది కొండ అంటే ఆదివారం తెల్లవారుజామున మంచు చూసి, దోసెలు తిని తిరిగొచ్చే చోటు. కడప, నెల్లూరు పొలాలకు పోయే పెన్న ఆ కొండల వరుసలోనే పుడుతుందని చెబితే చాలామంది ఆశ్చర్యపోతారు. పెన్న పొడవు 597 కిలోమీటర్లు. అందులో కర్ణాటకలో పారేది 61 కిలోమీటర్లే, మిగతాదంతా ఆంధ్రలోనే. కానీ ఆ 61 కిలోమీటర్ల తలకట్టు మన బెంగుళూరు పెరటిలో ఉంది. విమానాశ్రయం దాటాక గంటలోపు అక్కడుంటాం.

మా పెద్దనాయన కడప జిల్లాలో నీటిపారుదల శాఖలో వర్క్ ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయ్యాడు. చాలా ఏళ్ళు కేసీ (కర్నూలు-కడప) కాలువ గట్ల మీదే తిరిగిన మనిషి. బెంగుళూరు నాగవారలో మా ఇంటికి వచ్చినప్పుడల్లా "పెన్నమ్మ పుట్టిన చోటు చూపీలేదే పాపా" అని అడిగేవాడు. మా పై వాటాలో ఉండే మంజుళక్కది గౌరీబిదనూరు దగ్గరి పల్లె. తరతరాలుగా కర్ణాటకలోనే ఉన్నా ఇంట్లో తెలుగే మాట్లాడతారు. నది వెంట దిగుదామని ముగ్గురం అనుకున్నాం. డిసెంబరు మొదటి వారం. వానలు వెనకబట్టాయి, ఎండ ఇంకా ముదరలేదు.

మొదటి రోజు: నంది, విదురాశ్వత్థం

తెల్లవారకముందే బయల్దేరాం. నంది కొండ 1,478 మీటర్ల ఎత్తు. పైన టిప్పు కోట గోడలున్నాయి. 1791 అక్టోబరులో కారన్‌వాలిస్ సైన్యం ఆ కోటను పట్టుకుంది. సెల్ఫీలు తీసుకునేవాళ్ళంతా తూర్పు వైపు ఎగబడ్డారు. పెద్దనాయన మాత్రం ఉత్తరం వైపు అంచుకు పోయి నిలబడ్డాడు. మంచు విడుతుంటే ముందు చెరువులు కనబడ్డాయి, తర్వాత వాటి కింద పొలాలు, ఆ తర్వాత దూరంగా మరో కొండల వరుస. పెన్న పుట్టేది అటు చెన్నకేశవ కొండల్లో.

ఈ కొండల గుంపు దక్షిణాదికి ఎంత ముఖ్యమో పటం పరిచి చూస్తే గానీ తెలియదు. ఇటు పడమట పడిన వాన అర్కావతిలో చేరి కావేరికి పోతుంది. దక్షిణ పినాకిని తమిళనాడు దాటి కడలూరు దగ్గర సముద్రంలో కలుస్తుంది. పాలారు పుట్టుక కూడా ఇక్కడికి దగ్గర్లోనే. ఉత్తరానికి దిగేవి పెన్న, చిత్రావతి, పాపాఘ్ని. ఈ మూడూ ఒకే ఇంట పుట్టి వేరే వేరే ఊళ్ళకు కాపురానికి వెళ్ళిన అక్కచెల్లెళ్ళ లాంటివి. ఒకటి గౌరీబిదనూరు మీదుగా, ఒకటి పుట్టపర్తి మీదుగా, ఒకటి వేంపల్లె మీదుగా దిగి, చివరికి మూడూ కడప జిల్లాలో కలుసుకుంటాయి. ఆ కలిసే చోట్లు రెండూ చూడాలన్నది మా ఆశ.

కొండ దిగి నంది గ్రామంలో భోగనందీశ్వరుడి గుడికి వెళ్ళాం. తొమ్మిదో శతాబ్దంలో నొళంబులు, బాణులు మొదలుపెట్టిన గుడి. తర్వాత చోళులు, హొయ్సళులు, విజయనగర రాజులు తలా కొంత చేర్చారు. నాకు గుడికన్నా అక్కడి కోనేరు మీద ఎక్కువ మక్కువ. నాలుగు వైపులా మెట్లు, మెట్ల మధ్యలో చిన్న చిన్న మంటపాలు, అడుగున కదలని ఆకుపచ్చ నీళ్ళు. శృంగి తీర్థం అంటారు. పినాకిని ఇక్కడే పుట్టిందని స్థలపురాణం. వాన నీటిని రాతిలో ఎలా పట్టి ఉంచాలో తెలిసినవాళ్ళు కట్టిన కోనేరు అది.

అక్కడికి దగ్గర్లోనే విశ్వేశ్వరయ్య పుట్టిన ముద్దేనహళ్ళి. ఆయన పూర్వీకులు ప్రకాశం జిల్లా మోక్షగుండం నుంచి వచ్చినవాళ్ళు. ఊళ్ళోనే ఉన్న విశ్వేశ్వరయ్య సమాధి దగ్గర పెద్దనాయన చెప్పులు విప్పి కాసేపు నిలబడ్డాడు. నీటి శాఖలో పనిచేసిన ఆయనకు అది కూడా గుడే.

తర్వాత చూసింది నన్ను బాగా కదిలించింది. చిక్కబళ్ళాపుర పక్కన కందవార చెరువు. వాన చెరువే కానీ ఇప్పుడు అందులో ఉన్నవి వాన నీళ్ళు మాత్రమే కావు. హెబ్బాళ, నాగవార లోయల మురుగునీటిని బెంగుళూరులో శుద్ధి చేసి, పైపుల్లో ఇక్కడిదాకా పంపు చేసి చెరువులు నింపుతున్నారు. హెచ్.ఎన్. వ్యాలీ పథకం అంటారు. కోలారు వైపుకు కోరమంగళ, చల్లఘట్ట లోయల నుంచి ఇలాంటిదే మరొకటి 2018లో మొదలైంది. మరి నాగవారలో మా కొళాయిలోకి వచ్చే నీళ్ళు ఎక్కడివి? కావేరివి. సుమారు వంద కిలోమీటర్ల దూరం నుంచి, దాదాపు అర కిలోమీటరు ఎత్తుకు తోడి బెంగుళూరుకు తెస్తారు. నేను పొద్దున గిన్నెలు కడిగిన కావేరి నీళ్ళు మురుగు కాలువలో పడి, శుద్ధి అయి, ఈ చెరువులోకి చేరుతున్నాయి. ఈ చెరువులు నిండి పొర్లితే వాలు పెన్న, చిత్రావతుల వైపే.

"అంటే మనం వాడి పారేసిన నీళ్ళేనా?" అంది మంజుళక్క. అవును. ఈ ప్రాంతంలో వెయ్యి అడుగులు దాటినా బోర్లు పడని ఊళ్ళున్నాయి, పడిన చోట ఫ్లోరైడు బాధ ఉంది. చెరువులు నిండాక బావుల్లో నీటిమట్టం పెరిగిందని రైతులే చెబుతారు. కానీ ఇవి రెండు దశల్లో శుద్ధి చేసిన నీళ్ళు. మూడో దశ కూడా చేసి పంపండని చిక్కబళ్ళాపుర, కోలారు జిల్లాలవాళ్ళు ఏళ్ళ తరబడి అడుగుతున్నారు. వాళ్ళు అడిగేది న్యాయం. ఆ నీళ్ళు భూమిలోకి ఇంకి వాళ్ళ తాగునీళ్ళలోకే చేరతాయి. నీళ్ళు వాడుకున్నది మనం కాబట్టి ఆ మూడో దశ శుద్ధి ఖర్చు మన బెంగుళూరే మోయాలి. ఈ మాట మా అపార్ట్‌మెంటు మీటింగులో కూడా చెప్పాను.

గౌరీబిదనూరు దగ్గరికి వచ్చేసరికి పెన్న ఒక రూపానికి వచ్చింది. రూపమంటే పారే నీళ్ళని కాదు. వెడల్పాటి ఇసుక పాయ, అక్కడక్కడ తడి, గట్టు పొడుగునా కంపచెట్లు. మంజుళక్క చిన్నప్పుడు ఇక్కడ చెలమలు తీసి నీళ్ళు తోడుకునేవారట. ఇసుక పోయింది, చెలమా పోయింది. మధ్యాహ్నం వాళ్ళ పల్లెలో ముద్ద, ఆకుకూర పులుసు తిన్నాం. అక్కడి ముసలమ్మ పెద్దనాయనతో మాట్లాడిన తెలుగులో సగం కన్నడ ఉంది. ఆయన ప్రతి మాటా అర్థం చేసుకున్నాడు.

ఊరికి కొద్ది దూరంలో నది ఒడ్డునే విదురాశ్వత్థం. మహాభారతంలోని విదురుడు నాటాడని చెప్పే రావిచెట్టు ఇక్కడ ఉండేది, 2001లో కూలిపోయింది. దాని చుట్టూ వేలకొద్దీ నాగప్రతిష్ఠ రాళ్ళు. పసుపు ఆరని కొత్త రాళ్ళు, ముఖం అరిగి పడగ కూడా గుర్తుపట్టలేని పాతవి, ఒకదాని భుజం మీద ఒకటి ఆనుకుని నిలబడి ఉన్నాయి. 1938 ఏప్రిల్ 25న ఈ చెట్ల నీడలోనే కాంగ్రెస్ జెండా ఎగరేయడానికి జనం చేరారు. మైసూరు సంస్థానం పోలీసులు కాల్పులు జరిపారు. ముప్పై మందికి పైగా చనిపోయారని ఊరివాళ్ళు చెప్పే లెక్క. అప్పటి ప్రభుత్వం ఒప్పుకున్నది అంతకన్నా చాలా తక్కువ. దాని తర్వాతే గాంధీజీ తరఫున పటేల్ వచ్చి, దివాన్ మీర్జా ఇస్మాయిల్‌తో మాట్లాడి ఒప్పందం చేసుకున్నాడు. దక్షిణాది జలియన్‌వాలాబాగ్ అని పేరు కూడా ఉంది. బెంగుళూరు నుంచి రెండు గంటల దూరంలో ఇంత జరిగిన చోటు ఉందని, ఇన్నేళ్ళుగా ఇక్కడున్న మాలాంటి తెలుగువాళ్ళలో ఎంతమందికి తెలుసు? బళ్ళో పిల్లల్ని విహారానికి తీసుకెళ్ళేవాళ్ళు ఒక్కసారి ఇటు తిప్పితే బాగుండు.

రాత్రికి హిందూపురం చేరాం.

రెండో రోజు: మెట్ట మీంచి దిగువకు

లేపాక్షి పొద్దున్నే చూశాం. ఆ బసవన్న గురించీ, వేలాడే స్తంభం గురించీ అందరూ రాశారు, నేను వదిలేస్తున్నా.

హిందూపురం సముద్రమట్టానికి 600 మీటర్ల పైన ఉంటుంది. అనంతపురం 335 మీటర్ల దగ్గర, తాడిపత్రి ఇంకా వంద మీటర్లు దిగువన. కారులో కూర్చుంటే ఈ దిగుడు తెలియదు, చెవులు కూడా పట్టెయ్యవు. కానీ గాలి మారుతుంది. పెనుకొండ దాటేసరికి స్వెట్టర్లు తీసేశాం. 1565లో తళ్ళికోట యుద్ధం తర్వాత విజయనగర రాజులు తరలివచ్చిన పెనుకొండ ఇదే. హంపి కాలిపోయాక ఈ రాళ్ళ గుట్ట వాళ్ళకు రాజధాని అయింది.

మా దారి హైవే మీద, పెన్న దారి పడమటగా రొద్దం, పేరూరు వైపు. అది ఉత్తరానికి పోయి, ఉరవకొండ దగ్గర పెన్నహోబిలం నరసింహస్వామిని చూసి, అక్కడ తూర్పుకు తిరుగుతుంది. పామిడి దగ్గర హైవే వంతెన కింద మళ్ళీ మాకు కనిపించింది. బండి పక్కన ఆపి దిగాం. ఒక పాయలో నీళ్ళు పారుతున్నాయి, బట్టలు ఉతుకుతున్నారు.

"ఇవి పెన్న నీళ్ళు కాదు పాపా" అన్నాడు పెద్దనాయన. అనంతపురం జిల్లాలో ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన కూడా గగనమే. పైనున్న పేరూరు డ్యాము ఏళ్ళకేళ్ళు ఎండి పడి ఉండేది. పెన్నహోబిలం దగ్గర కట్టిన జలాశయాన్ని నింపేది హొసపేట తుంగభద్ర డ్యాము నుంచి వచ్చే ఎగువ కాలువ. ఇప్పుడు దానికి తోడు శ్రీశైలం నుంచి కృష్ణ నీళ్ళను ఎత్తిపోసే హంద్రీ-నీవా వచ్చింది. కందవారలో నిన్న కావేరి, ఇక్కడ తుంగభద్ర, కృష్ణ. పెన్న పేరు మీద పారేది మూడు నదుల నీళ్ళని అప్పుడు తట్టింది నాకు. మిగతా ప్రయాణమంతా ప్రతి కాలువ దగ్గరా ఇది ఎక్కడి నీరని అడుగుతూనే ఉన్నాను. పెద్దనాయన విసుక్కోకుండా చెప్పాడు.

తాడిపత్రి బస్టాండు దగ్గర ఉగ్గాని, బజ్జీ తిని నది ఒడ్డున బుగ్గ రామలింగేశ్వరుడి గుడికి వెళ్ళాం. పదిహేనో శతాబ్దం చివర పెమ్మసాని రామలింగ నాయుడు కట్టించిన గుడి. లింగం అడుగున ఎప్పుడూ ఊట ఊరుతుంటుంది. పూజారి పళ్ళెంలో దీపం పెట్టి కిందికి వంచి చూపించాడు, తడి మెరిసింది. నది ఎండినా ఈ బుగ్గ ఎండదని ఆయన అన్నాడు. ఒడ్డున ఇసుక కింద పారే నీరే ఇక్కడ పైకి ఊరుతుందేమోనని పెద్దనాయన ఊహ.

ఈ గుడి గోపురాలు పూర్తి కాలేదు. పై అంతస్తులు లేవు, పునాది నుంచి కొంత ఎత్తు వరకే ఉంది. కానీ ఆ ఉన్నంతలో చెయ్యి పెట్టడానికి ఖాళీ చోటు లేదు. నల్లటి, కొద్దిగా ఆకుపచ్చ జీర ఉన్న రాయి. ఒక మూల లతలో నా చిటికెన వేలంత సన్నటి తీగ రాతి నుంచి విడిపడి గాల్లో వంగి ఉంది, దాని వెనక నుంచి వెలుతురు వస్తోంది. ఐదు వందల ఏళ్ళుగా అది విరగలేదు. ఊళ్ళో చింతల వెంకటరమణుడి గుడి పేరు ఎక్కువ వినబడుతుంది, అదీ గొప్పదే. రెంటిలో ఒకటే చూడ్డానికి టైముంటే నేను బుగ్గ గుడికే ఓటేస్తాను.

తాడిపత్రి నుంచి జమ్మలమడుగు దాకా రోడ్డు పక్కన రాతి పలకల షెడ్లే. బెంగుళూరులో మన వంటింటి అరల్లో వేసేది, కడప బండ అని అడిగి కొనేది ఈ నల్ల సున్నపురాయే. కోట్ల ఏళ్ళ కింద ఇక్కడ సముద్రం ఉన్నప్పుడు అడుగున పేరుకున్న బురద అది. కడప బేసిన్ అని భూగర్భ శాస్త్రవేత్తలు పిలిచే ఈ పళ్ళెం దేశంలోని చాలా పాత అవక్షేప శిలల్లో ఒకటి. తాడిపత్రి, పులివెందుల ప్రాంతంలో పొరల మధ్య చొరబడిన లావా వయసు సుమారు 190 కోట్ల ఏళ్ళని తేల్చారు. చేపలు, చెట్లు పుట్టకముందటి సంగతి.

చీకటి పడ్డాక గండికోట టూరిజం హోటల్లో దిగాం.

మూడో రోజు: గండి

ఆరు గంటలకే కోటలోకి వెళ్ళాం. కోట లోపల ఊరు ఇప్పటికీ ఉంది. మేకలను తోలుకెళ్ళేవాళ్ళు, నీళ్ళ బిందెలు, మాధవరాయ గుడి గోపురం, జామియా మసీదు, ధాన్యాగారం, అన్నీ ఒకే పొద్దుటి వెలుతురులో. మసీదు వెనక రాళ్ళు ఎక్కి అంచుకు పోతే కాళ్ళ కింద లోయ.

ఎర్రమల కొండలను పెన్న రెండుగా కోసిన చోటు ఇది. లోతు సుమారు 300 అడుగులు. రెండు వైపులా ఎర్రటి క్వార్ట్‌జైటు రాయి, నిలువుగా, అడ్డంగా బీటలు వారి, ఎవరో కొలిచి పేర్చినట్టు పెద్ద పెద్ద దిమ్మలు. ఈ రాయి ఒకప్పుడు ఇసుక. పొరలు పొరలుగా పడి, బరువుకు నొక్కుకుపోయి గట్టిపడింది. దగ్గరగా చూస్తే కొన్ని దిమ్మల మీద నీటి అలలు ఇసుకలో వదిలే గీతలు ఇంకా కనబడతాయి. నేను వేలితో ఒక గీత వెంట పోయాను, మూరెడు దూరం తెగకుండా ఉంది. మనిషి లేని కాలంలో ఒక సముద్రపు ఒడ్డున ఒక పూట వచ్చిన అల అది. ఇంత గట్టి రాతిని నది ఎలా కోసింది? నీరు ఒక్కటే కొయ్యదు, అది మోసుకొచ్చే ఇసుక, గులకరాళ్ళు కోస్తాయి. ముందే ఉన్న బీటల్లో దూరి, వరద వరదకూ ఒక దిమ్మను కదిలించి, కింద పడేసి, దాన్నే మళ్ళీ పనిముట్టుగా వాడుకుంటుంది. ఏడాదిలో ఎక్కువ రోజులు ఎండి ఉండే నది ఈ పని చేసిందని నమ్మడం కష్టం. కానీ పెన్న సంగతి తెలిసినవాళ్ళకు తెలుసు, దాని బలమంతా వరదలోనే ఉంటుంది.

కోటకు ఈ లోయే కందకం. మిగతా వైపులా రాతి గోడ, నూటొక్క బురుజులని అంటారు. పెమ్మసానివారు తరతరాలు ఏలారు. 1650 ప్రాంతంలో గోల్కొండ కుతుబ్‌షాహీల సేనాని మీర్ జుమ్లా దీన్ని పట్టుకున్నాడు. 1652లో ఫ్రెంచి వజ్రాల వ్యాపారి తావెర్నియే అతన్ని కలవడానికి ఇక్కడికి వచ్చాడు. గుళ్ళలోని రాగి విగ్రహాలను కరిగించి ఫిరంగులు పోయించడానికి మీర్ జుమ్లా చేసిన ప్రయత్నాన్ని ఆయన రాసిపెట్టాడు. మాధవరాయ గుడిలో ఇప్పుడు మూలవిరాట్టు లేదు. ఖాళీ గర్భగుడి ముందు నిలబడి ఆ సంగతి గుర్తొస్తే మనసు బరువెక్కింది. గుడి, మసీదు ఈ రోజు ఒకదానికొకటి కూతవేటు దూరంలో ఒకే ఊరివాళ్ళ మధ్య నిలబడి ఉన్నాయి, ఆ ఊరివాళ్ళు రెంటి గురించీ మా గుడి, మా మసీదు అనే చెప్పారు.

కోటకు ఎగువన గండికోట డ్యాము, దిగువన మైలవరం డ్యాము. మధ్యాహ్నం ఎగువకు వెళ్ళాం. గండికోట జలాశయం సామర్థ్యం 26.85 టీఎంసీలు. ఇక్కడే చిత్రావతి వచ్చి పెన్నలో కలిసేది. నంది కొండ దగ్గర విడిపోయిన రెంటినీ మళ్ళీ ఒక చోట చూస్తామనుకున్నాం కానీ, కలిసే చోటు ఇప్పుడు నీటి కిందే ఉంది. కనుచూపు మేర నీలం. ఆ నీలంలో ఎక్కువ భాగం కృష్ణ. శ్రీశైలం వెనక పోతిరెడ్డిపాడు దగ్గర బయల్దేరి, గోరుకల్లు, అవుకు జలాశయాలు దాటి, కొండల్లో సొరంగం గుండా గాలేరు-నగరి కాలువలో ఇక్కడికి చేరుతుంది.

పెద్దనాయన గట్టు మీద కూర్చుని చాలాసేపు మాట్లాడలేదు. కొండాపురం వైపు వాళ్ళ మేనత్త ఊరు ఈ నీళ్ళలోనే ఉంది. ఆ మండలంలో తాళ్ళప్రొద్దుటూరు లాంటి పెద్ద ఊళ్ళను 2020లో ఖాళీ చేయించారు.

"నీళ్ళు రావాలని నేను సర్వీసంతా అడిగినోణ్ణే" అన్నాడు చివరికి. "వచ్చినాయి. పులివెందుల చీనీ తోటలు చూడు, ఎట్లుండాయో. కానీ మా అత్త ఇంటి ముందర యాపచెట్టు ఏ దిక్కున ఉండెనో ఇప్పుడు చెయ్యి చూపలేను."

ఇద్దరమూ ఏమీ అనలేదు. ఈ రెండు మాటలూ నిజమే. సీమకు నీళ్ళు అక్కర్లేదనే హక్కు ఎవరికీ లేదు. అదే నోటితో, ఊరిచ్చినవాళ్ళకు ఇల్లు, పొలం, పని కొత్త చోట దొరికేదాకా నీళ్ళు నింపడం ఆపాలని కూడా చెప్పాలి. సీమ గురించి మాట్లాడేవాళ్ళలో చాలామంది మొదటి మాట దగ్గరే ఆగిపోతారు.

నాలుగో రోజు: కలిసే చోట్లు

జమ్మలమడుగు, ప్రొద్దుటూరు మీదుగా దిగాం. లోయ ఇక్కడ ఒక్కసారిగా విచ్చుకుంటుంది. నల్లరేగడి, వరి, పసుపు, శనగ. నంద్యాల వైపు నుంచి కుందేరు వచ్చి కలుస్తుంది. ఆ కుందేరు లోయ వెంటే వచ్చేది పెద్దనాయన కేసీ కాలువ. సుంకేసుల దగ్గర తుంగభద్ర నుంచి బయల్దేరి కడప దాకా వచ్చే ఈ కాలువను 1860లలో ఒక ఇంగ్లీషు ప్రైవేటు కంపెనీ తవ్వింది. సాగుకే కాదు, పడవలు నడపడానికి కూడా. కంపెనీకి గిట్టుబాటు కాలేదు, 1882లో ప్రభుత్వం కొనేసింది. ఆదినిమ్మాయపల్లె ఆనకట్ట దగ్గర పెద్దనాయన కారు దిగి, ఒక తూము తలుపు తుప్పు పట్టిందని అక్కడ నీళ్ళు వదిలే లస్కరుతో పావుగంట మాట్లాడాడు. లస్కరు ఆయన్ను సార్ అని పిలిచి, టీ తెప్పించాడు.

కమలాపురం దగ్గర పాపాఘ్ని కలుస్తుంది. మూడో చెల్లెలు. వేంపల్లె దగ్గర అది కూడా కొండను చీల్చుకునే వస్తుంది, ఆ గండిలో వీరాంజనేయుడి గుడి ఉంది. ఇటు రావడంతో ఆ గండి చూడలేకపోయాం. పాపాఘ్ని మీద ఇక్కడి హైవే వంతెన 2021 నవంబరు వరదకు కూలింది. ఆ నెల 19న రాజంపేట వైపు చెయ్యేరు మీద అన్నమయ్య డ్యాము తెగి పులపుత్తూరు, మందపల్లె లాంటి ఊళ్ళ మీద పడింది. తెల్లవారుజామున శివాలయంలో దీపాలు పెట్టడానికి వెళ్ళినవాళ్ళు కూడా తిరిగి రాలేదు. పెన్న, దాని ఉపనదులు ఎండి ఉన్నంత కాలం వాటి దారిలో మనం ఏమైనా కట్టుకోవచ్చనిపిస్తుంది. అవి మాత్రం తమ వెడల్పు మరిచిపోవు.

పుష్పగిరిలో ఆగాం. ఏటికి ఒక గట్టున ఊరు, అవతల గట్టున కొండ మీద చెన్నకేశవుడు. పాపాఘ్ని సహా ఐదు నదులు కలిసే పంచనది క్షేత్రమని పేరు. మోకాలి లోతు నీటిలో దాటి వెళ్ళాం. గుడి బయటి గోడ పొడుగునా బొమ్మలే. ఏనుగుల బారు ఒకచోట మొదలై మలుపు తిరిగి కూడా ఆగదు. మంజుళక్క అక్కడే కూర్చుండిపోయింది, లేపుకుని రావాల్సి వచ్చింది.

సిద్ధవటం కోట సరిగ్గా పెన్న ఒడ్డున ఉంది. మట్లి రాజుల రాతి కోట. కోట మెట్లు నేరుగా నదిలోకి దిగుతాయి. 1800లో నిజాం దత్తమండలాలను ఈస్టిండియా కుంపిణీకి ఇచ్చాక, 1808 నుంచి 1812 దాకా కడప జిల్లాకు ఇదే ముఖ్యపట్టణం. పెన్న పొంగినప్పుడల్లా దారులు తెగి ఒంటరైపోవడంతో కచేరీలను కడపకు మార్చారు. ఉత్తరాన లంకమల, దక్షిణాన పాలకొండలు. ఎర్రచందనం ప్రపంచం మొత్తం మీద సహజంగా పెరిగేది శేషాచలం, పాలకొండ, లంకమల, వెలిగొండల ఈ చుట్టుపక్కలే.

లంకమల దిక్కు చూస్తే పొదల అడవి. 1900 తర్వాత ఎవరికీ కనబడక, అంతరించిందనుకున్న కలివికోడి 1986లో మళ్ళీ కనిపించింది ఇక్కడి రెడ్డిపల్లె దగ్గర. రాత్రిపూట మాత్రమే తిరిగే చిన్న పిట్ట. బొంబాయి నుంచి వచ్చిన పక్షి పరిశోధకులు ఊరూరా బొమ్మలు చూపించి అడిగారు. ఇక్కడి వేటగాడొకడు గుర్తుపట్టి పట్టుకొచ్చాడు. రెండేళ్ళకు ఈ అడవిని అభయారణ్యంగా ప్రకటించారు. తర్వాత తెలుగుగంగ కాలువ ఈ పొదల గుండా పోబోతే, పిట్ట కోసం కాలువ దారి మార్చారు. ఆ కాలువ మోసేది కృష్ణ నీరు. అది సోమశిలలో పెన్న నీటితో కలిసి, కండలేరు మీదుగా పూండి చేరి చెన్నై కుళాయిల్లోకి పోతుంది. పూండికి మొదటిసారి నీళ్ళు 1996లో చేరాయి. లక్షల మంది దాహం తీర్చే కాలువను ఒక పిట్ట కోసం వంచడం కుదిరే పనేనని ఇక్కడ చేసి చూపించారు. మన దగ్గర చెరువు అలుగు దారిలో లేఅవుటు వేసేటప్పుడు వంచడం కుదరదనే మాటే ఎప్పుడూ వినబడుతుంది.

తిరుగు దారి గువ్వలచెరువు ఘాటు మీదుగా. పాలకొండలను ఎక్కి దిగి రాయచోటి, మదనపల్లె మీంచి బెంగుళూరు. ఘాటు పైన పాలకోవా కొన్నాం. పెద్దనాయన మాత్రం మిగిలిన దారి లెక్క మొదలుపెట్టాడు. వెలిగొండలను చీల్చుకుని నది బయటపడే సోమశిల, అక్కడి నుంచి సంగం, నెల్లూరు ఆనకట్ట, చివరికి సముద్రంలో కలిసే ఊటుకూరు. సంక్రాంతి సెలవులకు మంజుళక్క వాళ్ళ అబ్బాయి కూడా వస్తానన్నాడు కాబట్టి, ఈసారి ఇంకొంచెం పెద్ద బండి మాట్లాడాలి.